గుర్రం గొంతు

ముప్పయ్యేళ్లుగా సినిమాల్లో ఆయన ఎంతమందికి గొంతు అరువిచ్చాడో! రాజులకు, జడ్జీలకు, చచ్చిపోయే తండ్రులకు. ఏం లాభం? ఊరంతా ఆయన్ని పిలిచేది "గుర్రంగారూ" అనే. కౌబాయ్ సినిమాలను వెక్కిరిస్తూ ఎవరో తీసిన ఓ వెర్రిమొర్రి సినిమాలో మాట్లాడే గుర్రానికి డబ్బింగ్ చెప్పాడు మరి. అందులో హీరో తుపాకీ తియ్యబోతే ప్యాంటు ఊడుతుంది. తెలివంతా గుర్రానిదే. ఆ పేరు వింటే ఆయనకు ఒళ్లు మండేది. భార్యకేమో ఆ సినిమా అంటే ప్రాణం. ఎన్నిసార్లు చూసినా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది. ఆయన ఒక్కసారైనా పక్కన కూర్చోలేదు.

ఇప్పుడు గొంతులో పుండు. ఎల్లుండి ఆపరేషన్. ఆ తర్వాత మాటన్నది ఉండదని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

"నీకోసం ఏదైనా రికార్డు చేసి పెడతాను. రాజుగారు చనిపోయే సీను చెప్పనా?" అన్నాడాయన భార్యతో.

"ఎందుకండీ ఆ ఏడుపులు? మన గుర్రం చెప్పండి."

"ఛీ! పోయే గొంతుతో ఆ సకిలింపులా?"

"మీరు పొద్దస్తమానం స్టూడియోలో ఉంటే, ఇంట్లో నాతో మాట్లాడింది అదొక్కటేగా!"

 ఆయనకు ఎంత సిగ్గనిపించిందో చెప్పలేం.

మర్నాడు స్టూడియోకు వెళ్లాడు. పాత సౌండ్ ఇంజనీరు సినిమా వేశాడు. గడ్డి నములుతున్నట్టు వినబడాలని దవడన దూది పెట్టుకుని, నొప్పి పంటి బిగువున భరిస్తూ గుర్రం మాటలన్నీ చెప్పేశాడు.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక భార్య రికార్డింగు పెట్టింది. గుర్రం ఒక మాటంది. ఆ తర్వాత చప్పుడు లేదు.

"పాడైందేమోనండీ!"

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. డబ్బింగులో ఎవరి మాటలు వాళ్లే చెప్పి, అవతలివాళ్ల మాటలకు ఖాళీ వదిలేస్తారు. అలవాటు కొద్దీ అదే పని చేశాడు. ఇంజనీరుకూ తట్టలేదు. ఎంత వెర్రిబాగులతనం! సంగతి రాసి చూపిద్దామని పలక అందుకునేలోపే ఆవిడ ఆ ఖాళీలో హీరో మాట చెప్పేసింది. సినిమా అంతా ఆవిడకు నోటికొచ్చు. గుర్రం టక్కున జవాబిచ్చింది. ఇద్దరూ అలా చాలాసేపు ఆడుకున్నారు.

ఒక ఖాళీ దగ్గర మాత్రం ఆవిడ హీరో మాట చెప్పలేదు. భర్త మెడకున్న కట్టు వైపు చూసి, "ఏమండీ, చాలా నొప్పిగా ఉందా?" అంది.

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను. కింద పడ్డది నువ్వు. లే!" అంది గుర్రం.

ఆవిడ పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. భుజాలు ఊగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, చప్పుడు మాత్రం లేదు. పక్కకు తిరిగి చూసిన ఆవిడ నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"ఏడుస్తున్నారా?"

కాదని తలూపాడు. ఆవిడ నమ్మలేదు.