చూద్దాంగారు

పొద్దుటినుంచీ ఇది మూడో బంతి. క్రీడల మంత్రి దాన్ని కుడికాలితో మెల్లగా తోశాడు. గోల్‌కీపరు కావాలనే అవతలి పక్కకి దొర్లాడు. చప్పట్లు మోగాయి. పోటీలు ప్రారంభమైనట్టే. మంత్రి కుంటుకుంటూ కారెక్కి బూట్ల లేసులు వదులు చేసుకున్నాడు. పాదాలు వాచి బూట్లలో ఇమడటం లేదు.

భార్య ఫోను. "సాయంత్రమైనా కొంపకొస్తారా, ఇంకెక్కడైనా బంతి తన్నాలా?"

"చూద్దాం."

"మీ నోట్లో ఇంకో మాటే లేదా!"

నిజంగానే లేదు. లాయరు దగ్గర గుమాస్తాగా ఉన్న రోజుల్లో అలవడిన మాట అది. ఎవరికీ అవుననకుండా, ఎవరినీ కాదనకుండా పార్టీలో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాడు. శాఖలు పంచుకున్నప్పుడు ఎవరికీ అక్కర్లేనిది ఒకటి మిగిలి ఆయన ఒళ్లో పడింది. జన్మలో పరుగెత్తి ఎరగడు. విలేకర్లు వెనకాల 'చూద్దాంగారు' అనుకుంటారని తెలుసు. విననట్టే ఉంటాడు.

ఆఫీసులో పరుగు నేర్పే కోచ్ కాచుకుని ఉంది. ఎండకి కమిలిన మొహం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"స్టేడియంలో ప్రధానిగారి విందుకి డేరాలు వేస్తారట సార్. లారీలు ఎక్కితే ట్రాకు నాశనమైపోతుంది. రేపు పొద్దున్నే జాతీయ జట్టు ఎంపిక. మా పిల్లలు ఎక్కడ పరుగెత్తాలి, మీ బల్ల చుట్టూనా?"

"చూద్దాం అమ్మా."

"పోయినేడూ చూశారు సార్. లారీ చేసిన గుంటలో పడి మా పెద్దపిల్ల కాలు విరిగింది. ఇప్పుడు బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడుతోంది."

మంత్రికి కోపం రాలేదు. టేబుల్ కింద పాదాలు వెతుక్కుని మళ్లీ బూట్లలో దూర్చాడు. "పద, చూసొద్దాం," అన్నాడు.

స్టేడియంలో, మంత్రిగారు వస్తున్నారని ఆపిన లారీ ట్రాకు అంచున హారను కొడుతోంది. కూలీలు మాత్రం చిన్న సామాను లోపలికి మోసి, పచ్చికలో డేరా మేకులు దిగ్గొడుతున్నారు. ఆడపిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని గోడవారన నిలబడ్డారు. వెంట వచ్చిన పి.ఏ. ఫోను మంత్రి చేతికిచ్చాడు.

"ప్రధానిగారి ఆఫీసు సార్. పని ఎందుకు ఆగిందని అడుగుతున్నారు. చూద్దామనెయ్యండి, చాలు."

మంత్రి నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలుక చివరే ఉంది. దాన్ని ఇంకొక్కసారి బయటికి తీసే ఓపిక లేకపోయింది.

"కుదరదండీ. మైదానం ఇవ్వను."

అవతలివాళ్లు మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పి ఫోను తిరిగిచ్చేశాడు. పి.ఏ. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"రమ్మనేదొకరు, పొమ్మనేదొకరు," అని సణుక్కుంటూ డ్రైవరు లారీని వెనక్కి తిప్పాడు. కూలీలు మేకులు పీకి, మోసిందంతా గబగబా తెచ్చి అందులో పడేశారు. పిల్లలు ట్రాకెక్కారు. మంత్రి గ్యాలరీ అడుగుమెట్టు మీద కూలబడి, వాళ్ల పాదాల చప్పుడు దగ్గరవడం, దూరమవడం వింటూ ఉండిపోయాడు.

ఎండ వాలాక పి.ఏ. వచ్చాడు. మంత్రిగారి కళ్లలోకి చూడలేదు.

"శాఖ వేరేవారికి ఇచ్చారు సార్. మీకు... ఇంకేదీ ఇవ్వలేదు. కారు తిరిగి పంపెయ్యమంటున్నారు."

"పంపించెయ్యి. కొత్తాయన ఎప్పుడొస్తాడట?"

"రేపు మధ్యాహ్నం."

మంత్రి కోచ్ వైపు తిరిగాడు. "ఎంపిక పొద్దున్నే అన్నావు కదూ?"

"ఎనిమిదింటికల్లా అయిపోతుంది సార్."

"ఇంకేం మరి," అంటూ మోకాలు పట్టుకుని లేచాడు. ఆటో దొరుకుతుందేమోనని గేటు వైపు నడిచాడు. ఆవిడ వెంట రాబోతే, పిల్లల్ని చూసుకోమని చేత్తో సైగ చేశాడు.

చీకటి పడుతుంటే పిల్లలు కూడా వెళ్లిపోయారు. ట్రాకు పక్కన పచ్చికలో, కూలీలు పీకడం మరిచిపోయిన డేరా మేకు ఒకటి సగందాకా దిగి నిటారుగా నిలబడి ఉంది.