కోఆప్షన్ మెంబరు

"కాఫీలో పంచదార తక్కువేశావు. ఆఫీసరు గారేమనుకుంటారు?" అని మావారు వంటింటి గుమ్మంలోకి వచ్చి గదమాయించారు. ఆఫీసరు గారేమీ అనుకోలేదు, రెండో గ్లాసు కూడా అడిగి తాగారు. అనుకునేదంతా ఈయనే.

నేను పంచాయతీ మెంబర్ని. నిజం, నమ్మండి! పంచాయతీ సమితులొచ్చిన కొత్తలో ఆడ మెంబరు ఉండి తీరాలన్నారు. నాగాయలంక పక్కన మా ఊరికి ప్రెసిడెంటు మావారే కాబట్టి, బయట వెతకడం దేనికని, ఎన్నికా గిన్నికా లేకుండా నన్నే కోఆప్టు చేయించారు. "నువ్వు సంతకం పెట్టు చాలు. మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. మీటింగులు మా అరుగు మీదే. నేను పొయ్యి దగ్గర ఉంటే, ఓట్ల వేళకి ఆయన రెండు చేతులూ ఎత్తి "ఇది నాది, ఇది మా ఆవిడది" అనేవారు. అందరూ పగలబడి నవ్వేవారు.

పురుళ్ళు పోసే నర్సమ్మ కోసం కట్టిన గదిలో ఎరువు బస్తాలు పెట్టుకోవచ్చని తీర్మానం చేసింది కూడా ఆ చేతులతోనే. బస్తాలెవరివంటారా? ఇంకెవరివి, మావే. ఉండడానికి చోటు లేక నర్సమ్మ మా ఊరు రావడమే మానేసింది. ఆ ఏటి వానల్లోనే మా తోడికోడలు అనసూయకి నొప్పులొచ్చాయి. అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే బండి బురదలో దిగబడింది. తల్లీ బిడ్డా నా ఒళ్ళోనే పోయారు. మా అత్తగారు పున్నమ్మ "దాని ఆయుష్షు అంతే" అని కళ్ళు తుడుచుకున్నారు. మావారు బస్తాలు తడిశాయేమో చూసి రావడానికి వెళ్ళారు. ఆయుష్షుట! గదిలో చోటు లేక పోయింది నా అనసూయ. ఆ రోజు నుంచి ఆయనకి అన్నం పెట్టిన ప్రతిసారీ నా కడుపు రగిలిపోయింది.

ఆ తర్వాతే బందరు నుంచి ఆ కాఫీ తాగిన ఆఫీసరు రామబ్రహ్మం గారు వచ్చారు, పంచాయతీ ఎలా నడపాలో నేర్పడానికి. "సంస్థ బాగుంటేనే పాలన బాగుంటుందండీ. అంతా ఒక్కరి గుప్పిట్లో ఉండకూడదు. ఎవరి ఓటు వాళ్ళే వెయ్యాలి. ప్రెసిడెంటు మీద నమ్మకం పోతే దింపెయ్యాలి" అని ఆయన చెబుతుంటే, అందరికంటే గట్టిగా తల ఊపింది మావారే. "బాగా సెలవిచ్చారండీ" అన్నారు కూడా. నేను పప్పులో గరిటె ఆపి, ఒక్క ముక్క పోకుండా విన్నాను.

నెల తిరక్కుండానే క్రైస్తవుల పేట మెంబరు యేసుదాసు అవిశ్వాసం పెట్టాడు. ఆ గది లేక వాళ్ళ ఆడవాళ్ళూ నానా అవస్థా పడుతున్నారు. మెంబర్లు సగం అటు, సగం ఇటు. మావారికి మాత్రం దిగుల్లేదు. మీటింగు రోజు భోజనం చేస్తూ "నీ ఓటుందిగా" అన్నారు.

"ఉందండీ" అని ఇంకాస్త నెయ్యి వేశాను.

రామబ్రహ్మం గారే మీటింగు నడిపించారు. ఒక్కొక్కరూ లేచి, ప్రెసిడెంటు పేరు చెప్పి, విశ్వాసం ఉందో లేదో నోటితో చెప్పాలన్నారు. చివరికి నా వంతు వచ్చింది.

మావారు నవ్వారు. "మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరండీ. ఆవిడ బదులు నేను చెబుతాను."

నిజమే. కాపురానికొచ్చిన నాడు గడప దగ్గర పేర్లు చెప్పించినప్పుడు సిగ్గుతో ఒక్కసారి అన్నానంతే. ఆ తర్వాత పలికితే మొగుడి ఆయుష్షు తగ్గిపోతుందని అత్తగారు భయపెట్టారు. ఇన్నేళ్ళూ ఏవండీతోనే గడిచిపోయింది.

నేను కొంగు దోపుకుని అరుగు మీదికి వచ్చాను.

"సాంబశివరావు మీద నాకు విశ్వాసం లేదు."

గారు కూడా తగిలించలేదు. యేసుదాసు నోరు తెరుచుకుని చూశాడు. మావారి మొహాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. తలుపు చాటు నుంచి అత్తగారు "అయ్యో అయ్యో! నా కొడుకు ఆయుష్షే!" అని గుండెలు బాదుకున్నారు.

"తగ్గనివ్వండి అత్తయ్య గారూ" అని, ఊరంతా వినపడేట్టు ఆ పేరు మళ్ళీ పలికాను.