అక్కనెవరూ అడగలేదు

నిఘంటువు కార్యాలయంలో ఆయన్ని అందరూ అర్థాలాయన అంటారు. అర్థం రాయడంలో చెయ్యి తిరిగిన మనిషి, నేను కాదనను. ఆ వారం ఆయన వంతుకి 'స్వయంనిర్ణయం' వచ్చింది. స్వేచ్ఛంటే అడ్డు లేకపోవడం. స్వాతంత్ర్యమంటే పైన ఇంకొకరి పెత్తనం లేకపోవడం. మరి ఇదేమిటి? జుట్టు పీక్కుని, పీక్కుని, చివరికి రాశాడు: "తన సంగతి తానే తేల్చుకునే హక్కు." రాసి, తన భుజం తానే తట్టుకున్నాడు.

అక్కడొక పద్ధతుంది. అర్థం రాయగానే సరిపోదు. మర్నాడు టీ వేళ గది మధ్యలో నిలబడి, ఆ అర్థానికి అతికే మాట ఒకటి, తన చెవులతో విన్నది, చెప్పాలి. ఎవరు ఎవరితో అన్నారో కూడా చెప్పాలి. సొంతంగా అల్లుకొస్తే పెద్ద సంపాదకురాలు ఇట్టే పట్టేస్తుంది. "ఎవరింట్లో అంటారండీ ఇలా?" అంటుంది. ఇక గదంతా గొల్లుమంటుంది.

అందుకని ఆ సాయంత్రం చెవులు రిక్కించుకుని ఇంటికొచ్చాడు. ఇంట్లో ఉన్నది ఆయనా, అక్కా. అమ్మానాన్నా పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది ఆవిడే. ఇక ఆవిడ సుఖపడాలని తమ్ముడు తీర్మానించాడు. ఆవిడ గది, ఆవిడ డాక్టరు, ఆఖరికి ఆవిడ కళ్లజోడు ఫ్రేము కూడా ఆయనే ఎంచాడు. ప్రేమే లెండి, ఎవరు కాదన్నారు!

అక్క మిషను దగ్గర కూర్చుని ఉంది. తలెత్తలేదు.

"మూలమీది దర్జీ ఆవిడ కనపడిందిరా. కొత్త కొట్టులో బట్ట కత్తిరించడానికి నన్ను రమ్మని నీతో చెప్పిందట కదా?"

"ఆఁ, అదా! దార్లో అడిగింది. ఆ గోల నీకు పడదని చెప్పేశా."

"నాకు పడదని నీకెవరు చెప్పారు?"

"రోజంతా నిలబడాలక్కా. నీ మోకాళ్లు..."

"మోకాళ్లు నావి కదరా!" అంది అక్క. "ఏమో, వద్దనేదాన్నేమో. వద్దనడానికైనా నన్నొకసారి అడగాలి కదా?"

దారం పుటుక్కున తెంపి, మిషను మీద గుడ్డ కప్పి లోపలికి వెళ్లిపోయింది.

అర్థాలాయనకి తల కొట్టేసినట్టయింది. అంతలోనే, ఏం మనిషండీ, 'నన్నొకసారి అడగాలి' అన్న ఆ మాట తన అర్థానికి చక్కగా అతుకుతుందని తోచింది! ఒకసారి పెదాల మీద అనుకుని కూడా చూశాడు. తనేం చేస్తున్నాడో తెలిసేసరికి ఒళ్లు చచ్చిపోయింది. అన్నం సయించలేదు.

పొద్దున్నే పరుగున దర్జీ కొట్టుకెళ్లాడు. తప్పయిపోయిందన్నాడు, బతిమాలాడు. ఆవిడ మంచిది, ఇంకా ఎవర్నీ పెట్టుకోలేదు. ఒంటిపూట పని చాలనిపించాడు. కూర్చుని కత్తిరించడానికి ఎత్తుపీట వేయించమన్నాడు. అన్నీ కుదిర్చి, రొప్పుకుంటూ ఇంటికొచ్చాడు.

"అక్కా! మాట్లాడేశా! సోమవారం నించి వస్తావని చెప్పేశా! ఒంటిపూటే. ఎత్తుపీట కూడా వేయిస్తుందట!"

అక్క ఆయన మొహంలోకి చూసింది. తిట్టినా బావుండేది. నవ్వింది.

"మొన్న నా బదులు కాదన్నావు. ఇవాళ నా బదులు ఔనన్నావు. అంతేనా?"

చేసిన తప్పే, ఈసారి ముస్తాబు చేసి మరీ తెచ్చాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అక్క చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికక్కా?"

"కొట్టుకి. నా జవాబు నేను చెప్పొస్తా."

"ఏం చెప్తావు?"

"ముందు ఆవిడకి చెప్పనీ."

ఎండగా ఉంది, తోడొస్తానని గొడుగు తీశాడు. అక్క ఆ గొడుగు వంక చూసింది. దాన్ని మళ్లీ మేకుకి తగిలించాడు.

కార్యాలయంలో టీ వేళ అయింది. గది మధ్యలో నిలబడ్డాడు.

"విన్న మాట చెప్పండి," అంది సంపాదకురాలు.

"'నా జవాబు నేను చెప్పొస్తా.'"

"బావుందే! ఎవరు, ఎవరితో?"

పక్కింటివాళ్లని చెప్పేయొచ్చు, ఎవరికి తెలుస్తుంది? "మా అక్కండీ. నాతో. ఆవిడ బదులు నేనే జవాబులు చెప్పేస్తుంటే అంది."

ఎవరూ గొల్లుమనలేదు. తలొంచుకుని తన చెప్పుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

"మరి ఏం జవాబు చెప్పిందండీ మీ అక్కగారు?" అంది సంపాదకురాలు, మెల్లగా.

"ఆఁ, ఒప్పుకునే ఉంటుంది లెండి, మా అక్క సంగతి నాకు..." అంటూ మొదలెట్టి, నాలుక కరుచుకున్నాడు.

"తెలీదండీ," అన్నాడు.