రెండోసారి రాని అతిథులు

రుచిత పనిచేసే ‘బంతి’ యాప్‌లో హోటల్ టేబుల్ ముందే పట్టుకోవచ్చు, కాస్త తగ్గింపు కూడా వస్తుంది. పటాన్‌చెరు వైపు జనం మొదట ఎగబడ్డారు. తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, యాప్ తీసేశారు. రెండోసారి వచ్చిన పాపాన పోలేదు. నెలాఖరుకల్లా వాళ్లను వెనక్కి రప్పించకపోతే ఇక్కడ దుకాణం కట్టేస్తామని మేనేజర్ కృష్ణప్రియ తేల్చి చెప్పింది. రుచిత డిజైన్ చేసిన మొదటి యాప్ అది, పంచప్రాణాలూ దానిమీదే పెట్టుకుంది. రంగులు మార్చింది, బటన్లు పెద్దవి చేసింది, పాయింట్లు పెట్టింది. ఉహూఁ, ఒక్కరూ కదల్లేదు.

ఆదివారం పటేల్‌గూడలో ఇంట్లో కూర్చుని తండ్రి మొగులయ్య ఫోన్ చూస్తే, అందులోనూ బంతి లేదు. కన్నతండ్రే తీసేశాడు! రుచితకు ఏడుపొచ్చినంత పనైంది.

“నాయినా, నా యాప్ ఏది?”

కార్ఖానాలో ఏళ్ల తరబడి క్రేన్ నడిపిన మనిషి కూతురి ముందు నీళ్లు నమిలాడు. “అది మంచిదే బిడ్డా. కానీ సంసారం కూలగొడ్తది.”

సంగతి ఇదీ. శనివారం వెంకన్న మొక్కు, ఆ ఇంట్లో నీసు ముట్టరు. షిఫ్టు వాళ్ల దావత్‌లేమో శనివారమే కుదురుతాయి. మొగులయ్య ఓవర్‌టైమని చెప్పి దోస్తులతో మటన్ బిర్యానీ లాగించి, వక్కపొడి నమిలి, బుద్ధిమంతుడిలా ఇల్లు చేరాడు. తెల్లారి ఫోన్ భార్య అరుణమ్మ చేతిలో ఉండగా బంతి మోగింది: ‘మొగులయ్య గారూ, నిన్నటి మటన్ బిర్యానీ ఎలా ఉంది?’ ఎంతో మర్యాదగా అడిగింది. ఆ మర్యాదంతా రాసింది రుచితే.

“నాదొక్కనిదే కాదు. నా దోస్తు సోమయ్యకు గూడ గసొంటి మెసేజే వచ్చింది, వాళ్లింట్ల బువ్వ గూడ పెట్టలే. మా షిఫ్టోళ్లందరం తీసేసినం.”

రుచితకు నవ్వాగలేదు. “గంతేనా! ఆ మెసేజ్ తీసేస్త నాయినా. ఇగ ఎవ్వరికీ తెల్వదు.”

“తియ్యి,” అంటూ అరుణమ్మ వంటింట్లోంచి వచ్చింది. “మొగోళ్లు మల్ల పోతరు, మంచిగ తింటరు. మొక్కు తప్పిండని కాదు బిడ్డా నా కోపం. గా హోటల్ మనింటికి దగ్గర్నే. నన్నొక్కనాడన్న తోల్కపోయిండా?”

రుచిత నవ్వు ఆగిపోయింది. ఇంటి ఆడవాళ్లు కూడా హోటల్‌కు వస్తారని, ఆడపిల్లయి ఉండీ, తనకు తట్టనేలేదు. సిగ్గేసింది.

మర్నాడే ఆ ప్రశ్న పీకేసి, అదే చోట ఇంకోటి పెట్టింది: ‘ఈసారి ఇంటివాళ్లను తీసుకురండి. వాళ్లకేం ఇష్టం?’ జవాబిస్తే, ఆ వంట బాగా చేసే హోటళ్లు కనబడతాయి. తండ్రి ఫోన్‌లో బంతిని మళ్లీ ఎక్కించి, మొదటి పరీక్ష ఆయనకే పెట్టింది.

మొగులయ్య బొటనవేలు ఫోన్ మీద ఆగిపోయింది. తల గోక్కున్నాడు. “ఏమే, నీకేమిష్టం?”

అరుణమ్మ కూర తరగడం ఆపింది. “ఎవ్వలడిగిండ్రని? నాకే యాది లేదు.”

రుచిత గుండె చివుక్కుమంది. అరుణమ్మ మాత్రం కత్తిపీట పక్కకు జరిపి, చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది. “అన్నీ జెరంత తిని సూస్తె యాదికొస్తది. ఒక్కపారితోని కాదు, మల్ల మల్ల పోవాలె.”

“పోదాం,” అన్నాడు మొగులయ్య బుద్ధిగా.

మొగులయ్య చెప్పగా షిఫ్టు వాళ్లూ యాప్ మళ్లీ ఎక్కించుకున్నారు, ఇళ్లలో అదే ప్రశ్న అడిగారు, భార్యాపిల్లలతో మళ్లీ వచ్చారు. ఇక్కడ మూసెయ్యడం లేదని నెలాఖరున కృష్ణప్రియ ఫోన్ చేసేసరికి, రుచిత అమ్మానాన్నలతో ఇస్నాపూర్ దగ్గర హోటల్లో ఉంది. అరుణమ్మ చేప వేపుడు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

“ఇదే కావొచ్చు,” అంది నెమ్మదిగా. “అయినా జల్దీ ఏముంది, ఇంకా సూద్దాం.”