చివరి వరసలో రెండు యాభైలు

2011 మార్చి మొదటి వారంలో నా చేతిలో ఉన్నవి ఇవి: లక్షా ముప్పై వేల మైళ్లు తిరిగిన ఒక వ్యాను, హెర్న్‌డన్‌లో నెలకు ఏడు వందల అద్దె గోడౌను, బ్యాంకులో పదకొండు వందల డాలర్లు, వేలంలో నూట నలభైకి పాడుకున్న ఒక పాత రాతబల్ల.

నాది పాత సామాను వ్యాపారం. ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర కొని, కొత్తగా వచ్చి అపార్ట్‌మెంట్లలో దిగే మనవాళ్లకు అమ్ముతాను. ఆ బల్ల దక్షిణాన రెండు గంటల దూరంలో ఒక ఫార్మ్‌హౌస్‌లో దొరికింది. సొరుగు ఇరుక్కుపోయి రాకపోతే వెనక చెక్క ఊడదీశాను. లోపల మడత పెట్టిన పెద్ద కాగితం ఉంది.

మా అమ్మాయి ఉజ్వల కాలేజీ సెలవులకు వచ్చి ఉంది. కాగితం విప్పి చదివింది.

"నాన్నా, ఇది ఎస్టేట్ డివిజన్. 1847ది. ఒక రైతు చనిపోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ప్రాపర్టీ అంతా మూడు లాట్స్ చేసి, టోపీలో చీటీలు వేసి తీశారు."

"అంటే మన పంపకాల కాగితమే."

"మన దాంట్లో మనుషులు ఉండరు కదా."

చూశాను. ఒక్కో బానిస పేరు, వయసు, ఎదురుగా ధర. కింది వరసలో గుర్రం, దాని ఎదురుగా ధర. అంతా ఒకే చేతిరాత. ఇరవై ఏళ్లుగా వస్తువుల మీద ధర చీటీలు అంటించినవాణ్ణి, ఆ కాగితాన్ని మాత్రం తొందరగా బల్ల మీద పెట్టేశాను.

పాత కాగితాలు కొనే ఒకాయనకు ఫోటో పంపితే పద్దెనిమిది వందలకు అడిగాడు. శనివారం వచ్చి, చూశాకే డబ్బిస్తానన్నాడు. రెండున్నర నెలల అద్దె. ఈలోగా ఉజ్వల అందులోని పేర్లన్నీ వంశవృక్షాలు వెతుక్కునేవాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టింది. గురువారం ఫోన్ వచ్చింది. శుక్రవారం పొద్దున గోడౌను ముందు కారు ఆగింది.

దిగినావిడ పేరు ఎర్నెస్టీన్. డెబ్భై తొమ్మిదేళ్ల నల్లజాతి మహిళ, ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపి రిటైరయింది. నేను వేసిన కుర్చీకి అంటించిన ధర చదివి, "కూర్చుంటే కొనాలా, మిస్టర్ చక్రా?" అంది. నా పేరు చక్రపాణి. అందులో సగం చాలనుకుంది.

"కూర్చోవడం ఫ్రీ. నచ్చితేనే కొనండి."

"బేరం ఎప్పుడూ అలాగే మొదలవుతుంది," అంటూ కూర్చుంది.

ఆవిడకు కావలసింది ఒక్క సంగతి. వాళ్ల అమ్మమ్మకు అమ్మమ్మ టెంపీ. ఆమె తల్లి హన్నా. చర్చి వెనక టెంపీ సమాధి పక్కన పేరు లేని మట్టిదిబ్బ ఒకటి ఉంది.

"అది హన్నాదని, టెంపీ తల్లి దగ్గరే పెరిగిందని మా అమ్మమ్మ చెప్పేది. మా మేనమామ పిల్లలేమో, పంపకాల్లో విడదీసే ఉంటారు, అది మనసు ఊరుకోబెట్టుకోవడానికి అల్లిన కథ అంటారు. సోమవారం లోపల రాయి చెక్కేవాడికి చెప్పాలి. ఒక పేరా, రెండు పేర్లా? తెలియకుండా రాయి మీద కథ చెక్కించను."

ఉజ్వల కాగితం ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ వేలు మెల్లగా దిగుతూ వచ్చింది. రెండో వాటా, చిన్నకొడుకుది: హన్నా, ఇరవై ఆరేళ్లు, ఆరు వందలు. మూడో వాటా, కూతురిది: టెంపీ, మూడేళ్లు, వంద. వేలు అక్కడే ఆగిపోయింది.

"విడదీశారు," అంది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఉజ్వల నా వైపు చూసింది.

నేను కాగితం నా వైపు తిప్పుకున్నాను. మాట తోచనప్పుడు లెక్క చూడడం నా అలవాటు. మూడు వాటాలూ విడివిడిగా కూడి చూశాను: పన్నెండు వందల యాభై, పదకొండు వందల యాభై, పన్నెండు వందలు. సగటు పన్నెండు వందలు. కాబట్టి పెద్దవాడు చిన్నవాడికి యాభై ఇస్తే సరి. చెల్లెలికి ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. కానీ చివరి వరసలో వేరేగా ఉంది. అన్నదమ్ములిద్దరూ చెల్లెలికి చెరో యాభై ఇవ్వాలి.

మళ్లీ కూడి చూశాను. అదే వచ్చింది. అప్పుడు మా గుండిగ గుర్తుకొచ్చింది.

తెనాలిలో మా నాన్నా పెదనాన్నా ఇత్తడి సామాను కొట్టు పంచుకున్నప్పుడు ముందు జాబితాలు రాసి, తర్వాత చీట్లు తీశారు. పెద్ద గుండిగ పెదనాన్న జాబితాలో పడింది. మా అమ్మ అడిగితే మార్చుకున్నారు. అంతమాత్రానికి స్టాంపు కాగితం తిరగరాస్తారా? తేడా ఎంతో చివరి వరసలో సర్దారు. ఈ రోజుకీ కాగితం ప్రకారం గుండిగ పెదనాన్నది. వండుకున్నది మేము.

"మేడమ్, కాస్త ఇటు చూడండి," అన్నాను. "మూడో జాబితాలోంచి ఒక వంద తీసి రెండో దాంట్లో కలపండి. ఇప్పుడు రెండోది పన్నెండు వందల యాభై. మూడోది పదకొండు వందలు. అన్నదమ్ములిద్దరికీ యాభై చొప్పున ఎక్కువ, చెల్లెలికి వంద తక్కువ. చివరి వరసతో సరిగ్గా కలుస్తోంది."

"అయితే?"

"మూడో జాబితాలో వంద ధర ఉన్నది ఒక్క టెంపీకే. చీట్లు తీశాక పాపను తల్లి ఉన్న వాటాలోకి మార్చారు."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుంది. "రాసినవాడు లెక్క తప్పి ఉండొచ్చుగా?"

"ముగ్గురూ సంతకాలు పెట్టారు. పుచ్చుకోవాల్సిన చిన్నవాడు ఎదురు యాభై ఇచ్చాడు. ఊరికే అలా ఇచ్చి సంతకం పెట్టే తమ్ముణ్ణి నేనింతవరకు చూడలేదు."

ఆవిడ ముక్కుతో చిన్నగా నవ్వింది. పెన్సిల్ అడిగి, నా బిల్లు పుస్తకం వెనక తనే ఒకసారి వేసుకుంది. ఇంకోసారి వేసుకుంది.

"దయతో చేశారని మాత్రం నేను చెప్పలేను," అన్నాను. "తల్లి లేని పసిదాన్ని సాకడం ఖర్చని వదిలించుకుని ఉండొచ్చు."

"వాళ్ల మంచితనం నాకెందుకు? పిల్ల తల్లి దగ్గర పడుకుంది. అంతే." కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "అమ్మమ్మా, నువ్వు చెప్పిందే నిజం," అంది, మా ఇద్దరితో కాదు.

పెన్సిల్ నాకు తిరిగిచ్చి, "కాగితం ఎంత?" అంది.

"ఒకాయన పద్దెనిమిది వందలన్నాడు."

"నేనడిగింది ఆయన సంగతి కాదు."

"నాన్నా, ప్లీజ్, ఊరికే ఇచ్చేయి," అంది ఉజ్వల తెలుగులో.

భాష రాకపోయినా ఆవిడకు అర్థమైంది. "ఊరికే వద్దమ్మా. వీళ్లని ఒకసారి ఊరికే పంచుకున్నారు. ఈసారి డబ్బిచ్చి, రసీదు రాయించుకుని ఇంటికి తీసుకెళ్తాను."

బల్లకు పెట్టిన నూట నలభై చాలన్నాను. రసీదులో "పాత కాగితం ఒకటి" అని రాశాను. పేర్లు రాయలేదు. శనివారం మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పాను. ఆయన అన్న మాటలు ఇక్కడ అనవసరం.

ఏప్రిల్‌లో బల్ల రెండు వందల అరవైకి పోయింది. కాగితానికి నూట నలభై. అసలు నూట నలభై, వ్యాను గ్యాస్‌కు ముప్పై ఐదు తీసేస్తే మిగిలింది రెండు వందల ఇరవై ఐదు. వదులుకున్నది పదహారు వందల అరవై. మే నెలలో ఎర్నెస్టీన్ ఫోటో పంపింది: ఒకే రాయి, పైన హన్నా, కింద టెంపీ. దాన్ని కూడా రాబడి వైపే రాసుకున్నాను. ఎదురుగా ధర వేయలేదు.