ఈదర లేచింది

పడమటి వైపు మూడోసారి చూసి సింహాచలం మళ్లీ తాళ్లు చుట్టడంలో పడ్డాడు. రెండువేల సంవత్సరం, ఏప్రిల్. సింగపూరు ఓడల మరమ్మతు యార్డులో పద్నాలుగేళ్లుగా ఆయన పని ఇదే: తాళ్లు చుట్టడం, మధ్యమధ్య ఆకాశం చూడడం, సుమత్రా వైపునుంచి గాలివాన ముంచుకొస్తే కేకేసి పరంజాల మీది వాళ్లను దింపడం. పొట్టి మనిషి. ఎండకు మాడిన మెడ, ఎప్పుడూ సగం మూసుకుని ఉండే కళ్లు. భీమిలి దగ్గర పుట్టినవాడు గనుక ఆ గాలిని తన ఊరి మాటతోనే ఈదర అనేవాడు. వినీ వినీ తమిళులు, బెంగాలీలు కూడా ఆ కేకకే దిగేవారు.

ఇప్పుడు ఆ పనికి కంప్యూటరు వచ్చింది. దాన్ని పెట్టిన హరికృష్ణది హైదరాబాదు, కాపురం ఇక్కడే యీషున్‌లో. కిందటివారం హెచ్చరిక బోర్డు మీద మిగతా భాషలతోపాటు తెలుగులో ఏం రాయాలో సింహాచలాన్నే అడిగాడు. ఈదర అన్న మాట ఎక్కడిదన్నాడు. ఎదురొచ్చి కొట్టే గాలి గనుక ఈదర అయిందని అమ్మమ్మ చెప్పేది, నిజమో కాదో ఆయనకు తెలియదు. హరికృష్ణ 'ఈదర వస్తోంది' అని టైపు కొట్టబోతే మాత్రం చెయ్యి పట్టుకున్నాడు.

"అలగనకు బాబూ. వత్తందంటే పిలిసినట్టే. మావోళ్లు ఎప్పుడూ లెగిసిందనే అంటారు."

తన పొట్ట తానే కొట్టుకుంటున్నానని అప్పుడు తోచలేదు. నెలాఖరుకు పని పర్మిట్ గడువు అయిపోతుంది. యంత్రం సరిగ్గా పనిచేస్తే పొడిగించేది లేదని సూపర్‌వైజరు తేల్చేశాడు. ఇవాళ దానికి పరీక్ష, నువ్వు నోరెత్తకు అని కూడా చెప్పాడు. పొద్దుటినుంచీ సింహాచలం బతుకు గాలిలో దీపంగా ఉంది.

రెండు గంటలకు సముద్రపు అంచు నల్లబడింది. ఎండ ఇంకా పోలేదు గానీ మెడకు చల్లగా తగిలింది. పరంజా మీద ముప్పైమంది ఉన్నారు, వాళ్లలో మేనల్లుడు పెద్దిరాజు ఒకడు. బోర్డు వంక చూశాడు. దానిమీద ఏమీ లేదు.

సైరన్ మోగకపోతే బావుణ్ణు అనుకున్నాడు.

ఒక్క క్షణమే, కానీ అనుకున్నాడు. ముప్పైమంది ప్రాణాలు పణంగా పెట్టి బతకాలా అని తన్ను తానే తిట్టుకుని, పర్మిట్ పోతే పోయిందని నోరు తెరిచాడు.

అంతలో సైరన్ మోగింది. బోర్డు మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి: ఈదర లేచింది. అందరూ బోర్డు చూసి చకచకా దిగారు. పెద్దిరాజు కూడా బోర్డునే చూశాడు. వాన విరుచుకుపడేసరికి పైన ఒక్కడూ లేడు. అమ్మయ్య అనుకుంటూ తాళ్ల మీద కూలబడ్డాడు సింహాచలం. ఇక ఊరికి పోవలసిందేనని అప్పుడు గుర్తొచ్చింది.

నెలాఖరు ఆదివారం పెద్దిరాజు ఆయన పెట్టె మోసుకెళ్లి క్రాంజీలో విమానాశ్రయం వైపు వెళ్లే బస్సెక్కించాడు. మంగళవారానికల్లా డార్మిటరీలో ఆయన మంచం ఇంకొకరిదైంది. తలవైపు కిటికీ ఊచకు, గాలి ఎటో తెలియడానికి ఆయన కట్టుకున్న పాత లుంగీ పేలికను మాత్రం ఎవరూ విప్పలేదు.