పడవ సైలసు సంతాప సభ

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే లూదియాకు పాత అమెరికా పాటల కాగితాలంటే పిచ్చి. ఆ దేశంలో ఒకప్పుడు ఓడ మునిగినా, ఊరు తగలబడినా, ఎవరినైనా ఉరి తీసినా, దాని మీద వెంటనే ఒక పద్యం కట్టి, ఒంటి కాగితం మీద ఒకవైపే అచ్చువేసి వీధుల్లో అమ్మేవాళ్లు. పైన చెక్క అచ్చుతో వేసిన బొమ్మ, చుట్టూ నల్లటి అంచు. కొన్నవాళ్లు గోడకు అంటించుకుని చదువుకునేవాళ్లు, చినిగితే పారేసేవాళ్లు. అలా పారేయగా మిగిలినవి ఇప్పుడు అక్కడి గ్రంథాలయాల్లో ఉన్నాయి. లూదియా వాటి ఫొటోలను ఫోనులో పెద్దవి చేసుకుని చూసేది. స్టాఫ్ రూములో ఎవరికైనా చూపించబోతే వాళ్లకు ఉన్నట్టుండి క్లాసు గుర్తొచ్చేది.

వాటిలో సైలస్ అనే పడవవాడి పాట ఆమెకు బాగా నచ్చింది. ఏటి మధ్యలో గాలివాన వస్తే, పడవలో ఉన్నవాళ్లందరినీ, ఒక కోడెదూడను కూడా ఒడ్డుకు చేర్చి, తాను మునిగిపోయాడు. రాసినవాడి పేరు లేదు. లూదియా దాన్ని తెలుగులో కట్టింది. వీధిలో పుట్టిన పాట కాబట్టి కాలేజీలో కాకుండా వీధిలోనే పంచాలనుకుంది. ఆళ్లగడ్డ నుంచి వచ్చే విద్యార్థులు సంత రోజు తమ ఊళ్లో పంచుతామన్నారు.

అచ్చు పని ప్రింటింగ్ ప్రెస్ నడిపే అజయ్ కుమార్‌కు ఇచ్చింది. అతని కంప్యూటర్లో నల్ల అంచున్న డిజైను ఒక్కటే ఉంది. పైన ‘అశ్రునివాళి’ అనీ, కింద రెండు దీపాలూ ఉండే డిజైను. ఫొటో ఉండాల్సిన చోట పాత కాగితంలోని సైలస్ బొమ్మ పెట్టాడు. కింద లూదియా ‘ఇది అమెరికాలో రెండు వందల ఏళ్ల కిందటి పాటకు తెలుగు’ అని రాసిన మాటకు చోటు చాలలేదు. అది తీసేసి తన ప్రెస్ ఫోన్ నంబరు వేశాడు. లూదియా పరీక్షల డ్యూటీలో ఉంది. పిల్లలు కట్టను నేరుగా ప్రెస్ నుంచే తీసుకుపోయారు.

సంత మర్నాడు అజయ్ ఫోన్ చేశాడు.

“మేడమ్, పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. సైలస్ శవం దొరికిందా అని అడుగుతాండారు.”

“నువ్వేం చెప్పినావ్?”

“ఇంకా దొరకలేదని చెప్పినా. అబద్ధం గాదు గదా మేడమ్.”

ఆ వారమంతా వానలు. కుందూ నది నిండుగా పారుతోంది. పాటలో ఏ ఏరో లేదు. సైలస్ అనే పేరు ఈ ప్రాంతంలో ఏ వీధిలోనైనా వినిపించేదే. లూదియాకు విషయం అర్థమై, దొరికిన బస్సెక్కి ఆళ్లగడ్డ పోయింది.

నాలుగు రోడ్ల దగ్గర షామియానా వేసి ఉంది. ‘పడవ సైలసు సంతాప సభ’ అని బ్యానరు. సైలస్ బొమ్మను మనిషంత పెద్దది చేసి దండ వేశారు. పాత అచ్చులో సిరా కారి ఒక కన్ను మూసుకుపోయింది. దానికి కూడా జనం నొచ్చుకుంటున్నారు. మైకు దగ్గర ఆదినారాయణ నిలబడి ఉన్నాడు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. లూదియా నేరుగా అతని దగ్గరికి వెళ్లింది.

“ఆయన ఈడోడు కాదన్నా. అమెరికాలో చనిపోయినాడు.”

“అమెరికాలోనా? ఎప్పుడు?”

“రెండు వందల ఏండ్లయింది.”

ఆదినారాయణ మొహం ఎర్రబడింది. మైకందుకున్నాడు.

“ఇన్నారా అప్పా! మన సైలసన్న అమెరికాలో పోయి రెండు వందల ఏండ్లయిందంట. ఇంతవరకూ శవాన్ని పంపించలేదు!”

జనం భగ్గుమన్నారు. శవాన్ని వెంటనే తెప్పించాలని నినాదాలు మొదలయ్యాయి. అక్కడికక్కడే ఒక కమిటీ వేశారు. ముందు వరసలో కూర్చున్న వెంకటమ్మ అనే ముసలామె లూదియా చేయి పట్టుకుంది.

“నేనెరుగుదును పాపా. నా పెండ్లప్పుడు మమ్మల్ని కుందూ దాటించింది ఆయప్పే.”

“అవ్వా, ఆయన మీ అవ్వ పుట్టకముందే పోయినాడు.”

“నేనూ అనుకుంటి, పడవ తోసేదానికి శానా ముసిలోడే అని.”

ఇక నిజం మైకులోనే చెప్పాలని లూదియా పైకెక్కింది. “ముందు పాట చదువమ్మా” అని జనం అరిచారు. చదివింది.

*ఏటి నడుమ గాలి లేచె, పడవ పక్కకొరిగెను*
*ఎక్కినోళ్ల నొడ్డు చేర్చి సైలసేమొ మునిగెను*

చాగలమర్రి బస్సు రోడ్డు పక్కన ఆగింది, డ్రైవరు ఇంజను ఆపేశాడు. వెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉండి ఉంటాయో అని లూదియాకు మొదటిసారి తోచింది. ఆ పాటను ఎన్నిసార్లో చదివిన మనిషి, అక్షరాలు, అంచులు, సిరా మరకలు అన్నీ చూసిన మనిషి, సైలస్ గురించి మాత్రం ఎప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు కళ్లు తుడుచుకుంది. చెప్పాలనుకున్న నిజం చెప్పకుండానే కిందికి దిగింది. చెప్పినా వినేవాళ్లు లేరు.

విగ్రహం పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఆదినారాయణ దగ్గర ఒక నాయకుడి విగ్రహం సిద్ధంగా పడి ఉంది.

“ఆయప్ప పార్టీ మారినాడు మేడమ్. చేయించినోళ్లు తీసుకపోలేదు” అన్నాడు. ఎత్తిన చేతిలో తెడ్డు పెట్టి, మీసాలు చెక్కి తీసేశాడు. కళ్లద్దాలు మాత్రం, తీస్తే కళ్లు కూడా పోతాయని అలాగే ఉంచేశాడు. కుందూ గట్టున విగ్రహం నిలబెట్టారు. శవం సంగతి కమిటీ ఇంకా వదల్లేదు. అప్పుడప్పుడూ లూదియాకు ఫోన్ చేసి, అమెరికా వాళ్లు ఏమన్నారని అడుగుతారు. కనుక్కుంటాండానని చెబుతుంది.

ఒక ఆదివారం మిడుతూరు వైపు నుంచి వెంకటేష్ అనే రైతు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“మా ఊర్లో ట్రాన్స్‌ఫార్మర్ పేలిపాయ మేడమ్. అందరం బాధలో ఉండాం. సైలసన్నకు రాసినట్టే ఒక కాగితం రాసియ్యాల.”

“ఎవరికన్నా దెబ్బలు తగిలినాయా?”

“మనుషులకేం గాలే. దానికే.”

లూదియా అతన్ని లోపలికి పిలిచి కుర్చీ వేసింది. నవ్వు వస్తుందేమోనని భయపడింది గానీ, అతని మొహం చూశాక రాలేదు.

“పేలేముందు శబ్దం ఏమన్నా చేసిందా?”

వెంకటేష్ తల దించుకున్నాడు.

“మొన్నట్నుంచి మూలుగుతానే ఉండె మేడమ్. మేమే పట్టించుకోలేదు.”

లూదియా పెన్ను మూత తీసింది.